డుపేజ్ కౌంటీ జాబితాలో చలికాలపు ఖాళీలు: అరుదుగా వచ్చే పక్షులను ఎక్కడ, ఎప్పుడు వెతకాలి?

ప్రశ్న: వలసపిట్ట

అందరికీ నమస్కారం. ఇల్లినాయ్ రాష్ట్రంలోని డుపేజ్ కౌంటీలో కొన్నేళ్లుగా పక్షులను పరిశీలిస్తూ, చూసినవాటిని ఈబర్డ్ అనే పక్షి పరిశీలనల వెబ్‌సైటులో నమోదు చేస్తున్నాను. వసంతంలోనూ శరత్తులోనూ వచ్చిపోయే వార్బ్లర్లు, స్పారోలు, బురద నేలల్లో వాలే చిన్న పక్షులు చాలావరకు నా కౌంటీ జాబితాలో చేరాయి. మిగిలిన ఖాళీలు దాదాపు అన్నీ చలికాలానివే. నార్తర్న్ ష్రైక్, షార్ట్ ఇయర్డ్ ఔల్, సా వెట్ ఔల్, లాప్‌ల్యాండ్ లాంగ్‌స్పర్, స్నో బంటింగ్, క్రాస్‌బిల్ జాతులు రెండూ, రెడ్‌పోల్, స్కోటర్ బాతులు, గ్లాకస్ గల్ అనే నీటిపక్షి నాకింకా దొరకలేదు.

మన కౌంటీకి మిషిగన్ సరస్సు తీరం ఒక్క అడుగు కూడా లేదన్న సంగతి మీకు తెలిసిందే. తూర్పున ఉన్న కుక్ కౌంటీవారికి షికాగో రేవుల్లో సులువుగా కనిపించే బాతులు, గల్‌లు మనకు అపురూపం. మరోవైపు, మంచు పడగానే లాంగ్‌స్పర్లు గుంపులుగా దిగే పెద్ద పొలాలు కూడా మన దగ్గర ఇళ్లుగా, గిడ్డంగులుగా మారిపోయి చాలా కొద్దిగానే మిగిలాయి. ఇన్నాళ్లూ నా జాబితాలో లేని పక్షి ఎవరికైనా కనిపిస్తే ఈబర్డ్ పంపే నీడ్స్ అలర్ట్‌లను చూసుకుని, కబురు అందగానే బయలుదేరడమే నా పద్ధతి. చాలాసార్లు నేను వెళ్లేసరికి పక్షి అక్కడ ఉండదు. ఉన్నా చీకటి పడే వేళ అవుతుంది.

ఈసారి నవంబరు మొదటి నుంచి మార్చి చివరి దాకా ఒక క్రమం ప్రకారం వెతకాలని నిశ్చయించుకున్నాను. వారానికి ఒక పూర్తి రోజు, మిగతా రోజుల్లో ఉద్యోగానికి ముందో తరువాతో కొంత సమయం మాత్రమే కేటాయించగలను. ఏ పక్షికి ఏ నెల, ఎలాంటి వాతావరణం, ఏ చోటు అనుకూలమో అనుభవజ్ఞులు చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు. పక్కనున్న కేన్, విల్, కుక్ కౌంటీల్లో చూసినవి నాకు లెక్కలోకి రావు. అక్కడ తేలికగా దొరుకుతాయని తెలిసినా, నా ఆసక్తి మా కౌంటీ మీదనే.

సమాధానం: గడ్డినేల

వలసపిట్ట గారూ, పక్కింటి సరస్సును చూసి ఆశపడకుండా ఉన్న నేలనే గాలించాలన్న మీ పట్టుదల నాకు బాగా నచ్చింది. వెతకడం మొదలుపెట్టే ముందు ఒక సాయంత్రం కూర్చుని, ఈబర్డ్‌లోని టార్గెట్ స్పీసీస్ పేజీలో డుపేజ్ కౌంటీని, ఒక్కొక్క నెలను విడివిడిగా ఎంచుకుని చూడండి. మీ జాబితాలో లేని ప్రతి జాతీ ఆ నెలలో ఎంత శాతం చెక్‌లిస్టుల్లో, అంటే పరిశీలకులు ఒక్కోసారి నమోదు చేసిన పక్షుల పట్టికల్లో, కనిపించిందో అది చూపిస్తుంది. దాన్ని బట్టి మీ ఖాళీలు మూడు తెగలుగా విడిపోతాయి. ష్రైక్, షార్ట్ ఇయర్డ్ ఔల్, లాంగ్‌స్పర్ వంటివి తక్కువ సంఖ్యలోనైనా ఏటా వస్తాయి. వాటికి ఓపిక చాలు. క్రాస్‌బిల్, రెడ్‌పోల్ వంటి వాటికి ఏడాది కలిసి రావాలి. స్కోటర్ వంటి వాటికి ఒక్క రోజు కలిసి వస్తే చాలు, కానీ ఆ రోజున మీరు నీటి దగ్గర ఉండాలి. అలర్ట్ రాగానే పరుగెత్తే పద్ధతి ఈ మూడో తెగకు బొత్తిగా పనికిరాదు, మొదటి తెగకు అవసరమే లేదు.

నాకు బాగా తెలిసిన మొదటి తెగ గురించి వివరంగా రాస్తాను. మీరు వారాంతపు రోజుల్లో ఎక్కువ భాగాన్ని నేపర్‌విల్‌లోని స్ప్రింగ్‌బ్రూక్ ప్రెయిరీకి కేటాయించండి. దాదాపు 1,800 ఎకరాల ఆ గడ్డిభూమిలో పొట్టి తోక ఎలుకలు, అంటే వోల్‌లు సమృద్ధిగా ఉంటాయి. మీకు కావలసిన పక్షుల్లో మూడు నాలుగు వాటి మీద ఆధారపడే చలికాలం గడుపుతాయి. వోల్‌ల సంఖ్య ఏటా ఒకే తీరుగా ఉండదు కాబట్టి గుడ్లగూబలు కూడా ఒక ఏడాది బాగా కనిపించి మరుసటి ఏడాది పలుచబడతాయి. అందువల్ల డిసెంబరు మొదట్లోనే రెండు మూడు సాయంత్రాలు వెళ్లి, నార్తర్న్ హారియర్లు అనే డేగలు ఎన్ని తిరుగుతున్నాయో గమనించండి. హారియర్ కూడా అదే ఎలుకలను తింటుంది. అవి ఎక్కువగా ఉన్న ఏడాది గుడ్లగూబల మీద గట్టిగా ఆశ పెట్టుకోవచ్చు.

షార్ట్ ఇయర్డ్ ఔల్ పగలంతా గడ్డిలో నేల మీదే కూర్చుని, పొద్దు గుంకడానికి అరగంటో ముప్పావుగంటో ముందు లేస్తుంది. మబ్బు పట్టిన రోజున ఇంకాస్త ముందే లేవవచ్చు. బలమైన గాలి వీచే సాయంత్రం వెళ్లకండి. గడ్డిలో ఎలుక కదిలిన చప్పుడును వినడం మీదనే దాని వేట ఎక్కువగా ఆధారపడి ఉంటుంది కాబట్టి, గాలి హోరులో అది ఎగరడానికి అంతగా ఇష్టపడదు. ఆ వేళకు హారియర్లు కూడా ఇంకా తిరుగుతూనే ఉంటాయి కనుక రెండింటినీ వేరుచేసి గుర్తించడం ముఖ్యం. హారియర్ రెక్కలను కాస్త పైకెత్తి పట్టుకుని, గడ్డిని రాసుకుంటున్నట్టుగా జారుతూ పోతుంది. దాని తోక మొదట్లో తెల్లని మచ్చ స్పష్టంగా కనిపిస్తుంది. గుడ్లగూబ తల గుండ్రంగా, మెడ లేనట్టుగా ఉంటుంది. రెక్కలు పొడవుగా, బిరుసుగా, లోతుగా కొట్టుకుంటాయి. రెక్క అడుగు భాగాన మణికట్టు దగ్గర నల్లని వంపు గీత ఉంటుంది. ఒక్కోసారి గుడ్లగూబ పట్టిన ఎలుకను లాక్కోవడానికి హారియర్ దాన్ని తరుముతుంది. అప్పుడు కుక్కపిల్ల మొరిగినట్టు చిన్న అరుపు వినిపిస్తే మీరు వెతుకుతున్న పక్షి అక్కడే ఉన్నట్టు లెక్క. స్ప్రింగ్‌బ్రూక్ వంటి డుపేజ్ ఫారెస్ట్ ప్రిజర్వ్‌లు (కౌంటీ రక్షిత ప్రాంతాలు) సూర్యాస్తమయం తరువాత ఒక గంట దాకా తెరిచే ఉంటాయి కాబట్టి నియమాలు దాటకుండానే ఈ వేటను చివరిదాకా చూడవచ్చు. దయచేసి కాలిబాట మీదే ఉండండి. గడ్డిలోకి దిగితే నేల మీద నిద్రపోతున్న పక్షి లేచిపోతుంది. ఆ చలిలో దానికి ప్రతి ఎగురూ ఖర్చే.

నార్తర్న్ ష్రైక్ కూడా అక్కడే దొరుకుతుంది. అయితే దాన్ని ఉదయం వెతకాలి. అది అక్టోబరు చివర్లో ఉత్తరపు అడవుల నుంచి వచ్చి మార్చి దాకా ఉంటుంది. ఒక్క పక్షి చదరపు కిలోమీటరుకు మించిన మేర తనదిగా పెట్టుకుని తిరుగుతుంది కాబట్టి, ఒక గట్టు మీద నిలబడి పొదలన్నింటి కొసలనూ స్కోప్‌తో (కాళ్ల మీద నిలిపే దుర్భిణితో) వరుసగా చూడడం, పావుగంట ఆగి మళ్లీ మొదటి నుంచి చూడడం తప్ప దగ్గరి దారి లేదు. చెట్టు అన్నింటికంటే పై కొమ్మ చివర, బూడిద రంగులో, తోకను ఆడిస్తూ ఒంటరిగా కూర్చున్న పక్షి కనిపిస్తే ఆగండి. అది కొమ్మ వదిలిపెట్టినప్పుడు నేలకు దగ్గరగా దిగి, తిన్నగా ఎగిరి, మరో పొద దగ్గరికి రాగానే ఒక్కసారిగా పైకి లేచి దాని కొసన వాలుతుంది. ఆ ఎగిరే తీరును ఒకసారి చూస్తే మరిచిపోలేరు. ముళ్ల పొదల దగ్గర ఆగి లోపలి కొమ్మలను కూడా పరిశీలించండి. ముల్లుకు గుచ్చి దాచుకున్న ఎలుక కనిపించిందంటే యజమాని దూరంగా లేదన్నమాట.

లాంగ్‌స్పర్, స్నో బంటింగ్‌లకు మంచు సాయం కావాలి. నేల కనిపించేంతవరకు అవి పొలాల్లో చెదిరిపోయి మట్టిలో కలిసిపోతాయి. పది పదిహేను సెంటీమీటర్ల మంచు పడి గింజలు కప్పబడిన మరుసటి ఉదయం, మంచు తీసిన రోడ్ల అంచులకు హార్న్డ్ లార్క్ గుంపులతో కలిసి వస్తాయి. కౌంటీ పడమటి అంచున మిగిలిన పొలాల వెంటా, ఫెర్మీల్యాబ్ అనే భౌతికశాస్త్ర ప్రయోగశాల ఆవరణలోనూ వెతకండి. లార్క్ గుంపు పైకి లేచినప్పుడు సన్నని టింగుమనే పిలుపుల మధ్య పొడిగా గలగలమన్న శబ్దం వస్తే అందులో లాంగ్‌స్పర్ ఉంది. నేల మీద వాలాక రెక్క మధ్యన ఇటుక రంగు పట్టీ, చెంప చుట్టూ నల్లని గీతతో కట్టినట్టున్న చట్రం చూసి నిర్ధారించుకోవచ్చు. స్నో బంటింగ్‌కు ఇంత శ్రమ అక్కర్లేదు. గుంపులో ఒకటి లేవగానే రెక్కల్లోని తెలుపు మెరుస్తుంది.

ఫెర్మీల్యాబ్ విషయంలో రెండు జాగ్రత్తలు చెప్పాలి. అది ప్రయోగశాల కాబట్టి ప్రవేశ వేళలు, గుర్తింపు పత్రాల నియమాలు మారుతూ ఉంటాయి. వెళ్లే ముందు వారి వెబ్‌సైటు చూసుకోండి. రెండోది మీ జాబితాకు మరీ ముఖ్యమైనది: ఆ ఆవరణలో తూర్పు భాగం డుపేజ్‌లోనూ, పడమటి భాగం కేన్ కౌంటీలోనూ ఉన్నాయి. ఒకే చెక్‌లిస్టు తెరిచి ఆవరణంతా తిరిగితే మీ లాంగ్‌స్పర్ ఏ కౌంటీలో చేరిందో మీకే తెలియదు. గీత దాటే చోట ఒక చెక్‌లిస్టు ముగించి కొత్తది మొదలుపెట్టండి.

సమాధానం: నీటిగట్టు

గడ్డినేల గారు పొలాలనూ ప్రెయిరీనీ చక్కగా వివరించారు. నేను నీటి పక్షుల గురించి మాత్రమే రాస్తాను.

తీరం లేని కౌంటీలో స్కోటర్‌లు కనిపించడానికి రెండే సందర్భాలు ఉంటాయి, రెండింటి స్వభావమూ వేరు. మొదటిది అక్టోబరు చివరి వారం నుంచి నవంబరు మూడో వారం దాకా జరిగే వలస. ఉత్తరం నుంచి రాత్రంతా ఎగురుతూ వస్తున్న గుంపులకు దారిలో వాన, ఎదురుగాలి, దట్టమైన మబ్బు తగిలితే, తెల్లవారుజామున కనిపించిన మొదటి లోతైన నీటిలో దిగిపోతాయి. ఆకాశం తేరుకోగానే మళ్లీ లేచిపోతాయి. చాలాసార్లు పది గంటలకల్లా నీరు ఖాళీ అవుతుంది. మీకు అలర్ట్ చేరేది అప్పుడే. అందువల్ల కబురు కోసం ఎదురుచూడకుండా వాతావరణ సూచనను చూసి బయలుదేరాలి. రాత్రి చలిగాలి ముందుకు సాగి, తెల్లవారేసరికి సన్నని వాన పడుతున్న రోజు ఏదైనా ఉంటే, ఆఫీసుకు ఒక గంట ఆలస్యంగా వెళ్లే వీలు అడిగైనా సరే చెరువు దగ్గర ఉండండి. ఎండ కాసే నిశ్చలమైన వారాంతపు రోజు హాయిగా ఉంటుంది కానీ స్కోటర్‌లకు అది పనికిరాని రోజు.

ఎక్కడ నిలబడాలి అంటే, నా ఓటు బ్లాక్‌వెల్ ఫారెస్ట్ ప్రిజర్వ్‌లోని సిల్వర్ లేక్‌కు. అది ఒకప్పుడు కంకర తవ్విన గొయ్యి. అందుకే లోతు ఎక్కువ, పక్కనున్న చెరువులు గడ్డకట్టాక కూడా కొన్నాళ్లు తెరిచి ఉంటుంది. ఉత్తరాన మల్లార్డ్ లేక్ రెండోది. రెండింటినీ ఒకే ఉదయం చూడాలని ఆరాటపడకండి. ఒక్కచోటే స్కోప్ నిలిపి, నీటిని ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా పలుమార్లు చూడడమే మేలు. మునిగి తినే బాతులు చాలాసేపు నీటి కిందే ఉంటాయి. లాంగ్ టెయిల్డ్ డక్ మరీ ఎక్కువసేపు ఉంటుంది. ఒకసారి చూపు తిప్పి ఏమీ లేదనుకుని వెళ్లిపోయిన వారి వెనకే అది పైకి తేలుతుంది.

గుర్తింపులో ఒక చిన్న విషయం. వైట్ వింగ్డ్ స్కోటర్ నీటి మీద ఉన్నప్పుడు రెక్కలోని తెలుపు పక్క ఈకల కింద పూర్తిగా దాగిపోవచ్చు. ముఖం మీద మసక మచ్చలను చూసి ఆడ సర్ఫ్ స్కోటర్ అని రాసేవారు ఉన్నారు. తొందరపడకండి. ప్రతి స్కోటరూ కొద్దిసేపటికి ఒకసారి నీటి మీద నిలువుగా లేచి రెక్కలు విదిలిస్తుంది. ఆ ఒక్క క్షణంలో తెల్లని పలక కనిపించిందా లేదా అన్నదే మీ సమస్యను తేల్చేస్తుంది. కెమెరా ఉంటే ఆ క్షణం కోసం వేలు సిద్ధంగా పెట్టుకోండి.

రెండో సందర్భం జనవరి చివర, ఫిబ్రవరి నెలల్లో వచ్చే గట్టి చలి. వైట్ వింగ్డ్ స్కోటర్‌లు, లాంగ్ టెయిల్డ్ డక్‌లు వేల సంఖ్యలో మిషిగన్ వంటి మహాసరస్సుల మీద చలికాలం గడుపుతాయి. జీబ్రా మసెల్, క్వాగా మసెల్ అనే పరాయి ఆల్చిప్పలు ఆ సరస్సుల్లో విస్తరించాక వాటికి మేత పెరిగింది. ఆ నీరు గడ్డకడితే అవి లోపలి నదులకు వస్తాయి. 2013-14 చలికాలంలో మహాసరస్సుల ఉపరితలం 92 శాతానికి పైగా గడ్డకట్టినప్పుడు, సాధారణంగా లోపలి నదుల వైపు రాని స్కోటర్‌లు, రెడ్ నెక్డ్ గ్రీబ్‌లు చిన్న చిన్న నదుల్లో కూడా కనిపించాయి. మామూలు ఏడాదిలో అంత జరగదు. కానీ వారం పది రోజులు సున్నా కింద గడిచిన ప్రతిసారీ డుపేజ్ నది పశ్చిమ శాఖలో నీరు వేగంగా పారే చోట్లూ, శుద్ధి చేసిన వెచ్చని మురుగునీరు కలిసే చోట్లూ తప్పక చూడండి. ఎంత తక్కువ నీరు మిగిలితే పక్షులు అంత దగ్గరగా చేరతాయి.

గల్‌ల సంగతి క్లుప్తంగా చెబుతాను. మన కౌంటీలోని పెద్ద చెత్త దిబ్బలు మూతపడ్డాక గల్‌లు తగ్గాయి. మిగిలిన అవకాశం, చెరువులు సగం గడ్డకట్టిన డిసెంబరు సాయంత్రాల్లో మంచు అంచున పడుకోవడానికి చేరే హెర్రింగ్ గల్ గుంపు. పొద్దు గుంకడానికి గంట ముందు నుంచి వచ్చి వాలేవాటిని ఒక్కొక్కటిగా చూడండి. రెక్కల కొసల్లో నలుపు ఏమాత్రం లేకుండా, పక్కనున్న హెర్రింగ్ కంటే బరువుగా, గులాబీ ముక్కుకు నల్లని చివరతో ఉన్న పిల్ల గ్లాకస్ ఒక్కటి వస్తే చాలు.

వలసపిట్ట

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఏ పక్షికి ఏ రోజు వెళ్లాలన్నది ఇంత స్పష్టంగా నాకు ఎవరూ చెప్పలేదు. వాన పడే ఉదయాలను సెలవుగా తీసుకునే వీలు ఉందేమో ఇప్పుడే అడుగుతాను. ఇంకా రెండు మిగిలాయి: సా వెట్ ఔల్, క్రాస్‌బిల్, రెడ్‌పోల్ వంటి, చెట్ల గింజలు తినే ఫించ్ పిట్టలు. రకరకాల చెట్లను పెంచే లైల్‌లోని మోర్టన్ అర్బోరెటమ్ నాకు దగ్గరే. సా వెట్‌ను వెతకడం న్యాయమేనా, దాన్ని ఇబ్బంది పెట్టకుండా చూడగలమా అన్నది కూడా నా సందేహం. రికార్డు చేసిన కూత వినిపించి రప్పించడం నాకు ఇష్టం లేదు.

సమాధానం: చలిపొద్దు

కూత వినిపించకూడదన్న మీ నిర్ణయం సరైనది. అది లేకుండానే సా వెట్‌ను చూడవచ్చు, కానీ చాలా చెట్లు చూడాలి. దాదాపు 20 సెంటీమీటర్ల పొడవు మాత్రమే ఉండే ఈ గుడ్లగూబ అక్టోబరు రెండో సగం, నవంబరు మొదటి వారాల్లో మన ప్రాంతం మీదుగా దక్షిణానికి పోతుంది. కొన్ని ఇక్కడే చలికాలం గడుపుతాయి. పగలంతా సీడార్, స్ప్రూస్ వంటి శంకువృక్షాల దట్టమైన కొమ్మల్లో, తరచుగా మనిషి తల ఎత్తులోనో అంతకు కాస్త పైనో కదలకుండా కూర్చుంటుంది.

చెట్టు కిందికి వెళ్లగానే పైకి చూడడం చాలామంది చేసే పని. ముందు నేలను, కింది కొమ్మలను చూడండి. సున్నం చిందినట్టు తెల్లని రెట్ట చారలు ఒకేచోట పేరుకుని, వాటి పక్కన బొటనవేలి మొదటి కణుపంత బూడిద రంగు ఉండలు పడి ఉంటే, ఒక పక్షి రోజూ అక్కడే కూర్చుంటోందని అర్థం. ఆ ఉండలో ఎలుక వెంట్రుకలు, సన్నని ఎముకలు ఉంటాయి. రెట్ట తాజాగా, తడిగా ఉంటే మరీ మంచిది. అప్పుడు రెండడుగులు వెనక్కి వేసి, కొమ్మలను ముట్టుకోకుండా, ఆ చారకు నిటారుగా పైనున్న సందులను బైనాక్యులర్‌తో చూడండి. చికడీలు, నట్‌హాచ్‌లు వంటి చిన్న పిట్టలు ఒక చెట్టు చుట్టూ చేరి గోల చేస్తుంటే కూడా అదే పని చేయండి.

దొరికాక మన ప్రవర్తనే అసలు పరీక్ష. సా వెట్ మనిషిని చూసి ఎగిరిపోదు. అది నిర్భయంగా ఉందని చాలామంది పొరబడతారు. నిజానికి అది కదలకుండా ఉండి దాక్కున్నానని నమ్ముతోంది. శరీరాన్ని నిలువుగా సాగదీసి, కళ్లను సన్నగా మూసి, ఒక రెక్కను ముందుకు తెచ్చి పొట్టను కప్పుకుంటే అది బెదిరిందని తెలుసుకుని వెంటనే వెనుదిరగాలి. ఫొటో కోసం ఒక్క రెమ్మ కూడా విరవకూడదు. అది గాలి నుంచీ, కూపర్స్ హాక్ అనే డేగ కంటి నుంచీ ఆ పక్షిని కాపాడుతున్న గోడ. పగటిపూట ఒక్కసారి అక్కడి నుంచి లేచిపోతే కాకుల పాలో డేగల పాలో కావచ్చు.

మరొక మాట కూడా గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. పక్షి అక్కడ ఉన్నన్నాళ్లూ ఆ చెట్టు ఎక్కడుందో ఎవరికీ చెప్పకండి. ఈబర్డ్‌లో మీ చెక్‌లిస్టును కొన్ని వారాలు ఆలస్యంగా నమోదు చేసుకోవచ్చు, లేదా ఆ చెక్‌లిస్టును ప్రజలకు కనిపించకుండా దాచుకోవచ్చు. మీ కౌంటీ జాబితాలో ఖాళీ ఎలాగూ నిండుతుంది. ఒక వాట్సాప్ సందేశంతో ఒకే వారాంతంలో యాభైమంది ఒక చెట్టు చుట్టూ చేరడం ఏ జాబితాకూ విలువను పెంచదు.

సమాధానం: దేవదారు

గడ్డినేల గారు అలర్ట్‌ల గురించి రాసినదానితో నేను సగమే ఏకీభవిస్తాను. స్కోటర్‌లకు అవి పనికిరావన్నది నిజం. కానీ ఫించ్‌ల విషయంలో అలర్ట్‌కు మించిన సాధనం లేదు. ఒక హెమ్‌లాక్ చెట్టు నిండా కాయలుంటే క్రాస్‌బిల్ గుంపు అక్కడే వారాల తరబడి ఉండిపోతుంది. మొదటి కబురు వచ్చిన పది రోజులకు వెళ్లినా దొరికే అవకాశం ఉంటుంది.

అంతకంటే ముందు చూడవలసింది వింటర్ ఫించ్ ఫోర్‌కాస్ట్. కెనడా ఉత్తరపు అడవుల్లో స్ప్రూస్, బర్చ్, మౌంటెన్ యాష్ చెట్లు ఆ ఏడాది ఎంత కాపు కాశాయో సేకరించి, ఏ ఫించ్ దక్షిణానికి రావచ్చో ప్రతి శరత్తులోనూ చెప్పే నివేదిక అది. రాన్ పిట్టవే చాలా ఏళ్లు దాన్ని తయారుచేశారు. 2020 నుంచి టైలర్ హోర్ ఆ పని చేస్తున్నారు. ఉత్తరాన కాపు బాగున్న ఏడాది మీరు ఎంత తిరిగినా క్రాస్‌బిల్ రాదు. ఆ సమయాన్ని స్ప్రింగ్‌బ్రూక్‌కు ఇచ్చేయండి. 2020-21 లాంటి ఏడాది వస్తే మాత్రం మిగతావన్నీ పక్కనపెట్టి అర్బోరెటమ్‌లోనే ఉండండి. ఆ చలికాలంలో రెడ్‌పోల్‌లు, క్రాస్‌బిల్‌లు, ఈవెనింగ్ గ్రోస్‌బీక్‌లు ఉత్తర అమెరికా తూర్పు భాగమంతటా విరివిగా దిగాయి.

అర్బోరెటమ్‌లో పైన్, స్ప్రూస్, హెమ్‌లాక్ జాతులు ఎన్నో ఒకేచోట ఉండడం మన కౌంటీకి దక్కిన వరం. వైట్ వింగ్డ్ క్రాస్‌బిల్ ముక్కు సన్నగా ఉంటుంది. అది చిన్న, మెత్తని స్ప్రూస్, హెమ్‌లాక్ కాయలకు వస్తుంది. రెడ్ క్రాస్‌బిల్ చాలావరకు పైన్‌ల మీద ఉంటుంది. గాలి లేని ఉదయం చెట్ల కింద నిలబడి వినండి. కాయ రెక్కలు రాలి మంచు మీద పడుతుంటాయి, పక్షులు మాత్రం కొమ్మల చివర తలకిందులుగా వేలాడుతూ నిశ్శబ్దంగా తింటుంటాయి. రెడ్‌పోల్‌లకు బర్చ్, ఆల్డర్ చెట్ల గింజలు చూడండి. క్రాబ్ ఆపిల్ చెట్ల మీద సీడార్ వ్యాక్స్‌వింగ్ గుంపు కనిపిస్తే ప్రతి పక్షి తోక కిందా చూడండి. అక్కడ తెలుపుకు బదులు దాల్చినచెక్క రంగు ఉంటే అది బొహీమియన్ వ్యాక్స్‌వింగ్. మీరు అడగకపోయినా అది కూడా మీ జాబితాలో ఖాళీయే అయి ఉంటుందని నా నమ్మకం. ఒకప్పుడు వేరే జాతిగా లెక్కించిన హోరీ రెడ్‌పోల్ కోసం మాత్రం ఇక వెతకనక్కర్లేదు. 2024లో అమెరికన్ ఆర్నిథలాజికల్ సొసైటీ రెడ్‌పోల్‌లను ఒకే జాతిగా కలిపేసింది.

సమాధానం: గడ్డినేల

దేవదారు గారి సవరణ న్యాయమైనది, ఒప్పుకుంటున్నాను. మరో రెండు విషయాలు చేర్చి ముగిస్తాను.

డిసెంబరు 14 నుంచి జనవరి 5 మధ్య జరిగే క్రిస్మస్ బర్డ్ కౌంట్‌లో తప్పక పాల్గొనండి. 1900లో ఫ్రాంక్ చాప్‌మన్ ప్రారంభించిన ఈ గణనలో ప్రతి బృందమూ 15 మైళ్ల వ్యాసమున్న ఒక వృత్తాన్ని ఒకే రోజున గాలిస్తుంది. లైల్ పరిసరాల్లోనూ అటువంటి వృత్తం ఉంది. మామూలు రోజుల్లో ఎవరూ తొంగిచూడని శ్మశానాల వెనుక స్ప్రూస్ వరుసలు, కాలువ గట్లు, కార్యాలయాల చెరువులు ఆ రోజున ఒక్కొక్కరికీ పంచుతారు. ఎవరూ కోరుకోని ఆ ముక్కనే మీరు అడిగి తీసుకోండి. కౌంటీలో పక్షులు లేని చోటుకూ, చూసేవారు లేని చోటుకూ తేడా అక్కడే తెలుస్తుంది.

రెండోది, మీరు రాసిన జాతుల్లో చాలావాటిని ఈబర్డ్ మన కౌంటీకి అరుదైనవిగా గుర్తించి వివరం అడుగుతుంది. స్కోటర్, గ్లాకస్ గల్ వంటి వాటికి అస్పష్టమైన ఫొటో అయినా ఏమీ లేనిదానికంటే మేలు. లాంగ్‌స్పర్ గుంపు తలమీదుగా వెళ్లిపోతే ఫోన్‌లో వెంటనే రికార్డు చేయండి. కూతను విని పక్షి పేరు చెప్పే మెర్లిన్ యాప్ పేరు చూపించిందన్న ఒక్క మాటను సమీక్షకులు ఆధారంగా తీసుకోరు. మీరు చెవితో ఏం విన్నారో, కంటితో ఏం చూశారో, అక్కడ ఉన్న ఇతర పక్షి కాదని ఎలా తేల్చుకున్నారో ఇంటికి చేరకముందే, కారులో కూర్చుని రాసేయండి.